నలభై ఒక్క జతల చెవులు

గురువారం. ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన ముసురు తొమ్మిదింటికి ఆగింది గాని ఆకాశం తెరిపివ్వలేదు. గాలి లేదు. పెంకుల చూరు నుంచి నీళ్లు ఇంకా చుక్కలుగా పడుతున్నాయి. చేవెళ్లలో మేము చదివిన బడిలో, తొమ్మిదో తరగతి గదిలో, హాజరు నలభై ఒకటి. రానివారు లేరు. మూతలు పెట్టిన కలాలు బల్లల మీద ఉన్నాయి. ఇంగ్లీషు సారు చేతిలో కాగితం పట్టుకుని, మా వైపు వీపు పెట్టి, నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డారు.

తేదీ కూడా నా దగ్గర ఉంది. ఇక్కడ వేయడం లేదు. ఆ గదిలో ఉన్నవారిలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే. అరవై తొమ్మిది ఉద్యమంలో నెలల తరబడి మూతపడిన బడి మళ్లీ తెరిచిన వానాకాలం అని చెబితే చాలు. జ్ఞాపకాన్ని నేను పెద్దగా నమ్మను. మా బాపు ఇచ్చిన పాత హాజరు పుస్తకం వెనుక పేజీల్లో ఆ రోజుల్లో రాసుకున్న అంకెలను నమ్ముతాను. పుస్తకం అట్టను చెదలు తిన్నాయి. అంకెలు మిగిలాయి.

ఆ పుస్తకాన్ని మొన్న మంగళవారం మళ్లీ తీశాను. సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు, ఎండ, ఉక్కపోత. మొయినాబాద్‌లో మా అబ్బాయి ఇంట్లో నా మనవరాలు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తనదీ తొమ్మిదో తరగతే. బడిలో ఇంగ్లీషు విని అర్థం చేసుకునే పరీక్ష ఒకటి, చదివి అర్థం చేసుకునే పరీక్ష ఒకటి పెడతారట. మొదటిదానికి సాధన చేస్తోంది. ఎవరో ఒక పాఠం చదువుతారు, రెండుసార్లు వినిపిస్తారు, తర్వాత ప్రశ్నలు వస్తాయి. నేను కుర్చీ జరిపాను.

"తాతా, జర సప్పుడు చెయ్యకు. రెండుసార్లే వస్తది," అంది నా వైపు తిరగకుండానే.

నేను లేచి బయటికి వచ్చి గేటు దగ్గర పదకొండు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్లి ఇనుప పెట్టె తెరిచాను.

మా ఊరు చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ, రోడ్డు నుంచి అర మైలు లోపల ఉండేది. ఊరు ఇప్పటికీ ఉంది. నేను చెబుతున్నది లేదు. బడి నాలుగున్నర మైళ్లు. బస్సు నడిచిన రోజు బస్సులో, నడవని రోజు కాలినడకన పోయేవాళ్లం. బాపు రోడ్డు గ్యాంగు మేస్త్రీ. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డులో ఏడు మైళ్లు ఆయన కింద ఉండేవి. గుంతలు పూడ్చడం, చెట్ల మొదళ్లకు సున్నం వేయించడం, మైలురాళ్ల మీద అంకెలకు నల్లరంగు దిద్దడం ఆయన పని. నేను అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ రాళ్ల మీద వేలు పెట్టి. ఆ రోజుల్లోనే మైలురాళ్లు పీకేసి కిలోమీటరు రాళ్లు పాతుతూ వచ్చారు. బాపు మాత్రం చివరిదాకా మైళ్లలోనే మాట్లాడాడు.

పొద్దున అవ్వ, అంటే మా అమ్మ, మట్టి పెంక మీద మక్కపేలాలు వేయించేది. ఆ వాసన పొగతో కలిసి చొక్కాకు పట్టేది. జేబులో రెండు పిడికిళ్ల పేలాలు, గుడ్డలో రెండు జొన్నరొట్టెలు, వాటి మధ్య ఎల్లిగడ్డ కారం. వానలో నడిచి వెళితే తడిసిన ఖాకీ నిక్కర్లు, సిరా, రొట్టెల మూటలు అన్నీ కలిసి తరగతి గదికి ఒక వాసన ఉండేది. దానికి పేరు పెట్టడం నాకు చేతకాదు. తర్వాత ఎక్కడా తగల్లేదు.

ఇంగ్లీషు సారు కోస్తా జిల్లాల నుంచి వచ్చారు. అప్పటికి మా బడిలో నాలుగో ఏడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. ఆయన వయసు నా పుస్తకంలో లేదు. బజారు వెనుక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. గొడవలు ముదిరాక భార్యను, చిన్న కూతుర్ని తమ ఊరికి పంపించి ఒక్కరే వండుకునేవారు. ఆయన దగ్గరికి వస్తే తెల్లచొక్కా నుంచి ఇంగువ వాసన వచ్చేది. మా ఇళ్లలో ఇంగువ లేదు. మాకు ఇంగ్లీషు అంటే ఇంగువ వాసనే.

ప్రతి శుక్రవారం మూడో పిరియడ్ వినే పిరియడ్. జిల్లాలో మరే బడిలోనూ లేదని పెద్దసారు, అంటే మా ప్రధానోపాధ్యాయుడు, వచ్చినవారికల్లా చెప్పేవారు. ఇంగ్లీషు సారు ఒక పాఠం తామే రాసుకుని వచ్చి రెండుసార్లు చదివేవారు. చదివేటప్పుడు మా వైపు చూసేవారు కాదు. నల్లబల్ల వైపు తిరిగి, మాకు వీపు పెట్టి చదివేవారు. మొదటి వారం మేము నవ్వాం. ఆయన కారణం చెప్పారు.

"ముఖం చూపిస్తే సగం అర్థం ముఖమే చెప్పేస్తుంది. మీరు విననక్కర లేదు. రేడియోకి ముఖం ఉండదు కదా."

ఆయన వీపు మాకు సెలవు. జామకాయలు బెంచీల కింద నుంచి చేతులు మారేవి. సీతాఫలం గింజలు ముందువారి మెడ మీద పడేవి. నేను పేలాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నాలుక మీద నానబెట్టేవాణ్ని, నమిలితే దొరికిపోతాం. సారు చదువుతూ చదువుతూ ఆగేవారు. వెనక్కి తిరగకుండానే, "వెనకనుంచి రెండో బెంచీ, గోడ పక్కన. మక్కపేలాలు. కానివ్వండి, నేను ఆగుతాను," అనేవారు. ఆయన చెప్పిన చోటు ఎప్పుడూ తప్పలేదు. గోడ పక్కన ఉన్నది నేను. తరగతి మొత్తం నవ్వేది, ఆయన వీపు కూడా కాస్త కదిలేది. నేను మింగేదాకా ఆగి, ఆగిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు.

పదేసి ప్రశ్నలు ఉండేవి. మొదటి నెలలో నాకు వచ్చిన మార్కు ఒకటి. బడి మూతపడే ముందటి శుక్రవారం ఏడు.

ఉద్యమం మా దగ్గరికి రోడ్డు మీదుగా వచ్చింది. మొదట పట్నం నుంచి వచ్చే బస్సుల మీద సుద్దతో రాతలు, తర్వాత బస్సులే రాకపోవడం. ఊరేగింపులో నేనూ నడిచాను. జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాను. మా కొలువులు మాకు కావాలన్నది నాకు అప్పుడు న్యాయంగానే తోచింది; ఇప్పుడూ తోస్తుంది. పెద్దపిల్లలు రాళ్లు దొర్లించి, తుమ్మకొమ్మలు కొట్టి రోడ్డుకు అడ్డం వేసేవారు. వాటిని తీయడం బాపు గ్యాంగు పని.

"పొద్దుగాల మీ దోస్తులు పెడ్తరు, పొద్దుగూకేదాక మేం తీస్తం," అనేవాడు బాపు, రొట్టె తుంచుతూ. "రాయి గూడ సోంచాయిస్తున్నది, ఏడ ఉండాల్నో తెల్వక."

ఎవరి తప్పని ఆయన ఎన్నడూ అనలేదు. ఏ మైలు దగ్గర ఎన్ని రాళ్లు తీసిందీ చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ని.

బడి తెరిచాక పాఠాలు సగం కూడా కాలేదని, పై తరగతికి ఎవరిని పంపాలో తేల్చడానికి పరీక్ష పెడతామని అన్నారు. ఇంగ్లీషుకు రెండు భాగాలు: విని రాయడం పది మార్కులు, చదివి రాయడం ఇరవై. అదే రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన ఉపాధ్యాయులను వెనక్కి పంపాలన్న మాట గట్టిగా నడుస్తోంది. మా సారు పేరు కూడా కాగితం మీదికి ఎక్కింది. పెద్దసారు మా ప్రాంతం మనిషి, ఉర్దూలో చదువుకున్నాయన. మా సారును వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. బుధవారం మధ్యాహ్నం మా తరగతికి వచ్చి విషయం దాచకుండా చెప్పారు. వినే పరీక్షలో సగానికి పైగా, అంటే నలభై ఒకరిలో ఇరవై ఒకరు, పదికి నాలుగు మార్కులు తెచ్చుకోవాలి. ఆ కాగితాలు పట్టుకుని తాను పై అధికారి దగ్గరికి వెళతారు. ఈయన చెబితే పిల్లలకు వస్తోంది, ఈయనను ఉంచండి అని అడుగుతారు. ఇరవై ఒకరు రాకపోతే తన దగ్గర అడగడానికి ఏమీ లేదు.

"దిల్ పెట్టి రాయుండ్రి బిడ్డా. సార్ ఉండుడు మీ చేతులనే ఉన్నది," అన్నారు.

ఆయన మా మేలు కోరే ఆ మాట చెప్పారు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు బడి ప్రహరీ వెనుక, జామచెట్ల దగ్గర, తరగతి అంతా చేరింది. పిలిచింది మాలో అందరికంటే పొడుగ్గా ఉండే పిల్లవాడు. అందరం వాణ్ని పొడుగోడు అనేవాళ్లం. వాళ్లన్న బి.ఏ. చదివి ఉపాధ్యాయ ఉద్యోగం కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాడు. పట్నంలో ఊరేగింపులో లాఠీ దెబ్బలకు కాలు విరిగింది. పొడుగోడు సెలవులన్నీ దవాఖానలో అన్న మంచం పక్కనే గడిపాడు. అరిచి మాట్లాడలేదు.

"మా అన్న ఇంకా మంచంలనే ఉన్నడు. నేను సార్ మీద రాయి ఎయ్య. బడి బందు పెట్టుమన. రేపు ఆయన సదువుతడు, మనం ఇనం. చెవులల్ల ఏళ్లు పెట్టుకుందం. ఆయన ఎట్లయినా గోడ దిక్కు మర్లి సదువుతడాయె."

ఖాళీ కాగితాలిస్తే సమ్మె అని పేర్లు కొట్టేస్తారు గదా అని ఎవరో అడిగారు.

"ఖాళీగ ఎవలు ఇయ్యమన్నరు? నోటికొచ్చింది రాయుండ్రి. ఆయన సదివింది మనకు సమజ్ కాలే. గంతే. చదివి రాసేది మంచిగ రాసుకోండ్రి, అది మీది."

ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు; ఆ అమ్మాయికి నర్సు చదువు మీద మనసు. ఆమె ఒక్కతే నోరు విప్పింది.

"సార్ మనకేం జేసిండే?"

"సార్ ఏం జెయ్యలే," అన్నాడు పొడుగోడు. "ఆయన కూసున్న కుర్సీ మా అన్నది."

సరే అన్నవారు చెయ్యెత్తాలన్నాడు. చేతులు లెక్కపెట్టమని నాకు చెప్పాడు, ఎందుకంటే తరగతిలో లెక్క పెట్టేవాణ్ని నేనే. ఆ అమ్మాయి చెయ్యి ఆఖరున లేచింది. నలభై. నాది కలిపితే నలభై ఒకటి.

గురువారం ఉదయం, సారు మా వైపు వీపు పెట్టి నిలబడ్డారన్న చోట మొదట ఆపాను. పెద్దసారు తమ టైంపీసును బల్ల మీద మాకు కనబడేటట్టు పెట్టి వెళ్లారు. గదిలో మరో పెద్దమనిషి లేరు. సారు భుజాలు గోడ వైపు తిరగగానే చేతులు లేచాయి. నేను చూపుడు వేళ్లు చెవుల్లో గట్టిగా నొక్కాను. నాకు వినబడింది నా రక్తం చప్పుడు ఒక్కటే, దూరంగా లారీ పోతున్నట్టు. ఆయన మోచెయ్యి కొద్దికొద్దిగా కదులుతోంది. చొక్కా వెనుక భాగం కుడిపక్క తడిసి ఉంది. మొదటి చదువు రెండు నిమిషాల పది సెకన్లు. కాగితం దించి, అలవాటు ప్రకారం అటు తిరిగే ఒక నిమిషం ఆగారు. మళ్లీ కాగితం ఎత్తారు.

రెండో చదువులో నేను కుడిచెవి వేలు వదులు చేశాను. నా కుడివైపు గోడ. వేలు చెవి దగ్గరే ఉంది, చెవిలో లేదు. ఎందుకు చేశానో రాయాలంటే నా దగ్గర ఆధారం లేదు. సారు గొంతు ఎప్పటిలాగే ఉంది; హెచ్చలేదు, తగ్గలేదు.

పాఠం ఒక చిన్న రైల్వే స్టేషను గురించి. సారు సెలవులకు ఊరికి పోయి వచ్చేటప్పుడు ఒక్కోసారి శంకర్‌పల్లిలో దిగేవారు. ఆ స్టేషనే అని నాకు అనిపించింది. ఒక ముసలమ్మ బల్ల మీద గొడుగు మరిచి బండెక్కిపోతుంది. స్టేషన్ మాస్టరు దానిని మేకుకు తగిలిస్తాడు. రోజూ సాయంత్రం బండి వచ్చే వేళకు ఆ గొడుగు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. తొంభై రోజులు అలా నిలబడతాడు. తొంభై ఒకటో రోజున వాన. బండిలోంచి ఒక చిన్నపిల్ల దిగి తడుస్తూ ఉంటుంది. ఆయన ఆ గొడుగు ఆమె చేతిలో పెట్టి లోపలికి పోయి దీపం వెలిగించుకుంటాడు.

తొంభై అన్న అంకె నా చెవిన పడిన కొద్దిసేపటికి నేను తల తిప్పి తరగతిని చూశాను. లెక్క నాకు అప్పగించారు గనుక చూశాను. ఒక్కొక్క బెంచీ చూసుకుంటూ వెళ్లాను. నలభై జతల చేతులు, నలభై జతల చెవులు. చివరి బెంచీలో పొడుగోడు నా కళ్లలోకి చూశాడు. నేను ముందుకు తిరిగాను. ఆ సాయంత్రం పుస్తకంలో 'మూసినవారు 41' అని రాశాను. రాసేటప్పుడే అది తప్పు అని నాకు తెలుసు. ఒకటి తక్కువ రాయాలి.

సారు కాగితం దించారు. చేతులు దిగాయి. ఆయన మా వైపు తిరిగారు. గదిలో చూరునీళ్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. బెంచీ కిర్రుమనలేదు, ఎవరూ దగ్గలేదు, ఎవరి పంటి కిందా పేలం పడలేదు. ఆయన బెంచీల వెంట ఒకసారి చూపు తిప్పారు. ముఖంలో నవ్వులాంటిది వచ్చింది.

"నాలుగేళ్లలో మీరు ఇంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

ప్రశ్నల కాగితాలు పంచారు. సైక్లోస్టైల్ సిరా చేతులకు అంటింది. పది ప్రశ్నల్లో ఏడింటికి నాకు జవాబు తెలుసు. నాలుగో ప్రశ్న: స్టేషన్ మాస్టరు ఎన్ని రోజులు ఎదురుచూశాడు? నలభై అని రాశాను. తెలిసి తప్పు రాసిన అంకెలు నా జీవితంలో రెండే. రెండూ ఆ గురువారమే రాశాను.

తర్వాత చదివి రాసే భాగం. అచ్చులో ఉన్న పాఠం, ఎవరి గొంతూ అక్కర లేదు. అందరం తల వంచి రాశాం.

ఫలితం సోమవారం వచ్చింది. చదివి రాసేదానిలో ముప్పై ఆరుగురు పాస్. విని రాసేదానిలో ఒక్కరూ లేరు. పదికి అందరికంటే ఎక్కువ వచ్చినవారికి రెండు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చెప్పేది ఒక్కటే, పై అధికారి అదే చెప్పారట: పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, ఈయన నోటి మాటే వారికి అర్థం కావడం లేదు. లెక్క ప్రకారం దానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వినే భాగం రద్దు చేసి మమ్మల్నందరినీ చదివి రాసిన మార్కుల మీద పై తరగతికి పంపడానికి ఒప్పుకున్నారు. మాకు పోయింది ఏమీ లేదు. సారుకు వేరే జిల్లాకు ఉత్తర్వు వచ్చింది. ఆయన కాగితాలు తిరిగి ఇచ్చారు. నాదాంట్లో నలభై అన్న అంకె కింద ఎర్రసిరాతో సన్నటి గీత ఉంది. అక్కడ కలం కాసేపు ఆగినట్టుంది. సిరా చుక్క వెనుక పేజీకి దిగింది.

ఆ తరువాతి ఆదివారం, పదిన్నర గంటలు, ఎండ కాస్తోంది. బాపు గ్యాంగు మొయినాబాద్ దాటాక పని చేస్తోంది. అవ్వ కట్టిన సద్ది ఇచ్చి రావడానికి వెళ్లాను. తెల్లవారకముందే ఎవరో రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చారు. చేవెళ్ల నుంచి పట్నం పోయే బస్సు వచ్చి ఆగింది. దారి తీయడానికి అరగంట పడుతుందని బాపు డ్రైవరుకు చెప్పాడు. బస్సు పైన కట్టిన ఇనుప ట్రంకు నాకు తెలుసు. సారు కిందికి దిగారు.

బాపు తలపాగా విప్పి భుజాన వేసుకుని, కుండలోంచి చెంబు ముంచి ఆయనకు నీళ్లిచ్చాడు.

"మా పోరనికి ఇంగ్లీషు జెప్పినోరు మీరే గదా సార్. ఇగ ఎవలు జెప్తరు వీనికి?"

"ఎవరో వస్తారు. మంచివాళ్లే వస్తారు," అన్నారు సారు. నీళ్లు తాగి చెంబు ఇచ్చి, నన్ను రోడ్డు పక్కకు రమ్మన్నారు. ఇద్దరం సున్నం వేసిన చింతమొదలు దగ్గర నిలబడ్డాం. ఇంగువ వాసన వచ్చింది. గ్యాంగు మనుషులు రాళ్లు దొర్లిస్తుంటే ఆయన ఆ చప్పుడు వింటున్నారు.

"ఒక్క విషయం చెప్పు. మొహమాట పడకు. ఆ రోజు నేను మరీ వేగంగా చదివానా?"

బస్సు కదలడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలు ఉంది. చెప్పడానికి అంత సమయం అక్కర లేదు. నలభై ఒక్కరం చేతులెత్తాం, లెక్కపెట్టింది నేనే, అంటే సరిపోయేది. నా వెనుక పది గజాల్లో బాపు ఉన్నాడు. రోడ్డు మీద రాళ్లు పెట్టినవారు పక్క తోటల్లోనే ఉండి ఉండవచ్చు. ఇవి కారణాలని అనడం లేదు, ఉన్నవి రాస్తున్నాను.

"జర వేగమైంది సార్," అన్నాను.

ఆయన తల ఊపారు. ఆ మాటతో ఏదో కాస్త తేలికైనట్టు కూడా కనిపించారు. "అనుకున్నాను," అన్నారు. "ఈసారి వెళ్లే చోట నెమ్మదిగా చదువుతాను."

బస్సు పదకొండు గంటలకు కదిలింది. బాపు ఆ రోజు తీసిన రాళ్లు అరవై మూడు. పుస్తకంలో ఆ పూట కింద అదొక్కటే రాసి ఉంది.

ఆయన వెళ్లిన చోట పని చేసిన ఒక ఉపాధ్యాయుడు చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగంలో నాకు తారసపడ్డారు. మా సారు గురించి అడిగాను. మంచి మనిషి, పాఠం మాత్రం చదివాడంటే బండి ఎద్దులు నిద్రపోవాలి, పిల్లలు ఆయనను నెమ్మది సార్ అనేవారు అని నవ్వారు. నేనూ నవ్వాను. చిరునామా ఉందా అని అడిగితే ఇచ్చారు. ఉత్తరం రాయలేదు. చిరునామా ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

బాపు పోయాడు, అవ్వ అంతకుముందే పోయింది. ఆ ఏడు మైళ్లలో బాపు దిద్దిన రాయి ఒక్కటీ లేదు. చెట్లు కూడా చాలావరకు లేవు. పేలాలు సంచుల్లో అమ్ముతున్నారు. బడికి కొత్త కట్టడం వచ్చింది, దానికి పెంకుల చూరు లేదు.

పదవీ విరమణ చేసిన రెండో ఏట, చేవెళ్లలో ఒక పెళ్లిలో పొడుగోడు నా పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. కండక్టరుగా చేసి దిగిపోయాడు. నడుము వంగి నా అంతే అయ్యాడు. వాళ్లన్నకు ఉద్యోగం రాలేదు; కుంటుకుంటూ వ్యవసాయం చేసి పోయాడు. మా బడికి సారు స్థానంలో రెండేళ్లు ఎవరినీ వేయలేదు. ఇవన్నీ ఇద్దరికీ తెలిసినవే. విస్తట్లో అన్నం కలుపుతూ, ఉన్నట్టుండి అడిగాడు.

"అరేయ్, ఆఖరికి ఆ గొడుగు ఎవలకిచ్చిండు?"

నేను చెయ్యి ఆపాను. ఏ గొడుగు అని అడగలేదు.

"ఒక చిన్నపిల్లకు. వానలో తడుస్తున్నదని."

"నేను ముసల్దానికే ముట్టిందనుకున్న," అన్నాడు. "ఇన్నేండ్లు అట్లనే అనుకుంటున్న. తొంభై రోజులదాక ఇన్న. ఆడికొచ్చేసరికి నువ్వు నా దిక్కు మర్లినవు. భయమై మళ్ల మూసిన."

"నువ్వు ఇన్నవా?"

"నువ్వు ఇనలేదా?"

ఇద్దరం తినడం ముగించాం. పెరుగు వడ్డించారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి 'మూసినవారు 41' అన్న పాత లెక్క మీద అడ్డగీత కొట్టాను. రెండు తప్పులు బయటపడ్డ లెక్కను మొదటినుంచి మళ్లీ చేయాలి.

ఆ లెక్కకు ఆరేళ్లు పట్టింది. పెళ్లిళ్లలో, చావుల్లో, బ్యాంకు వరుసల్లో, శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరులో ఒకరి పొలం గట్టు మీద, ఒకరిని ఆసుపత్రి మంచం పక్కన అడిగాను. అందరినీ ఒకటే అడిగాను: ఆ రోజు రెండోసారి చదివినప్పుడు విన్నావా, లేదా? విన్నామన్నవారిని గొడుగు కథ చెప్పమన్నాను. చెప్పలేకపోయినవారిని విననివారిలో వేశాను. దాదాపు అందరూ మొదట నా ముఖం చూసి, తర్వాత పక్కకు చూసి చెప్పారు. విన్నది తాము ఒక్కరే అనుకున్నారు. ముందు బెంచీ అమ్మాయి నర్సుగా పని చేసి రిటైరై ఇప్పుడు మొయినాబాద్‌లోనే ఉంటోంది. తాను వేళ్లు కాదు, దూది పెట్టుకున్నానని చెప్పింది.

"దూదిల నుంచి ఇనవడ్తదన్నా," అంది. "ఇనవడ్తదని తెలిసే పెట్టుకున్న."

ఆమె ఎనిమిది జవాబులు చెప్పింది.

విన్నవారందరూ నాలుగు మార్కులు తెచ్చుకునేవారని నేను రాయడం లేదు. నా లెక్క అంత దూరం పోదు. మనవరాలికి ఇందులో ఏదీ చెప్పలేదు. పరీక్ష ఎలా అయిందని అడిగితే, మంచిగనే అయింది, చదివినాయన జర స్పీడు అంది.

తేలిన మొత్తం ఇది. తరగతిలో ఉన్నవారు నలభై ఒకరు. అడగడానికి దొరకనివారు తొమ్మిది మంది. నేను అడిగినవారు ముప్పై ఒకరు. వారిలో వినలేదన్నవారు పది మంది, విన్నవారు ఇరవై ఒకరు. నాతో కలిపి విన్నవారు ఇరవై రెండు. సారు ఉండడానికి కావలసింది ఇరవై ఒకటి.